రెండో తీగ ఖాదర్ వలి

ఖాదర్ వలికి ఒకటంటే గిట్టదు. ఏదైనా సరే రెండుండాలి. జేబులో రెండు పెన్నులు, చేతికి రెండు గడియారాలు, ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తి మీద ఇంకో కళ్ళజోడు. మనిషికి కళ్ళూ చెవులూ రెండేసి ఉండి, గుండె దగ్గరకొచ్చేసరికి ఒకటే ఉండటం ఏమిటని చిన్నప్పటి నుంచీ దిగులట.

"అల్లా చేసినదాంట్లో తప్పుండదు పెద్దమ్మా. కాకపోతే కారణం తెలుసుకోవాలని ఉంది" అన్నాడొకసారి నాతో.

"తొందరేం లేదులేవయ్యా. ఎట్లాగూ ఒకరోజు ఎదురుపడతావు, అప్పుడడుగు" అన్నాను.

"ఒకటి పోతే?" అన్నది అతని ఊతపదం. మధ్యాహ్నం అన్నానికి రెండు క్యారేజీలు తెచ్చేవాడు. రెండింట్లోనూ అదే అన్నం, అదే గోంగూర పచ్చడి. ఎందుకయ్యా అంటే, ఒకటి పోతే అనేవాడు. అది అతని పొట్టలోకి తప్ప ఇంకెక్కడికి పోతుంది? ఏ రోజూ ఏదీ పోలేదు కాబట్టి రెండూ తినేవాడు. అందుకే ఒక మనిషికి ఇద్దరి నడుముండేది.

అతని పెళ్ళి సంగతి వాళ్ళావిడ గుల్షనే చెప్పింది నాకు. పెళ్ళికి గుంటూరు నుంచి చీరాల పోవడానికి రెండు వ్యాన్లు మాట్లాడాడట. ముందుదాంట్లో జనం. వెనకాలది ఖాళీ. ముందుది ఆగిపోతే ఎక్కడానికన్నమాట. ముందు వ్యాను గుర్రంలా పోతోంది. పర్చూరు దాటాక ఆ ఖాళీ వ్యాను ఆగిపోయింది. దాని ఖర్మానికి దాన్ని వదిలేసి పోరా ఎవరైనా? పెళ్ళికొడుకు ఒప్పుకోలేదు. "స్టాండ్‌బై లేకుండా ముందుకు పోవడానికి వీల్లేదు" అని దారికడ్డంగా నిలబడ్డాడు. పట్టుచీరలు కట్టినవాళ్ళూ, జరీ టోపీలు పెట్టినవాళ్ళూ అంతా దిగి, ఎర్రటి ఎండలో ఆ ఖాళీ వ్యానును తోశారు. "అందరి పెళ్ళికొడుకులూ అత్తరు వాసనతో వస్తారు పెద్దమ్మా, నావాడు చెమట వాసనతో వచ్చాడు" అనేది గుల్షన్.

ఇంతకీ అతనితో నాకేం పనంటే, బ్రాడీపేటలో ఒక కంప్యూటర్ ఆఫీసులో నేను ఆయాను. పేరు ఆదెమ్మ. ఊడవడం, తుడవడం, టీలు పెట్టడం నా పని. గుంటూరు చుట్టుపక్కల పధ్నాలుగు మిరప కోల్డ్ స్టోరేజీల వాళ్ళు కలిసి పెట్టుకున్న ఆఫీసది. ఏ రైతు టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, ఏ స్టోరేజీలో ఏ గదిలో ఏ అరలో పెట్టారో, ఏ గది ఎంత చల్లగా ఉందో, అన్నీ అక్కడి మిషన్లు చెప్పాలి. ఆ మిషన్లకీ స్టోరేజీలకీ మధ్య తీగలు చూసుకునేవాడు ఖాదర్ వలి.

మొదట్లో ఇరవై రెండు మిషన్లుండేవి. ఆ గదిలోకి పోతే పత్తి జిన్నింగు మిల్లులో కూర్చున్నట్టే, హోరు. 2008 ఆషాఢంలో వాటన్నిటినీ తీసి పారేసి మూడే మూడు పెద్ద మిషన్లు తెచ్చి పెట్టారు.

"మిగతావేమైనాయి?" అన్నాను.

"అన్నీ వీటిలోనే ఉన్నాయి పెద్దమ్మా. వాటిని వర్చువల్ మెషిన్లంటారు. కంటికి కనపడవు, పని మాత్రం చేస్తాయి."

"మా ఇంటాయనకి సరిగ్గా తిరగేసి ఉన్నాయన్నమాట. ఆయన కంటికి కనపడేవాడు" అన్నాను.

అతను నవ్వలేదు. తన మిషన్ల గురించి మాట్లాడేటప్పుడు ఖాదర్ వలి నవ్వడు. మోకాళ్ళ మీద కూర్చుని, వేలు పెట్టి చూపించి, పంతులు పిల్లకాయకి చెప్పినట్టు చెప్పాడు. ఇవి మూడిళ్ళనుకోండి. ఇరవై రెండు కాపురాలూ ఈ ఇళ్ళలో అద్దెకున్నాయనుకోండి. ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు మాట్లాడుకోవాలంటే లోపల్లోపలే మాట్లాడుకుంటారు, దానికి లోపలే కంటికి కనపడని చావడి ఒకటుంది. బయటివాళ్ళతో మాట్లాడాలంటే మాత్రం గుమ్మం దాటాలి. ఆ గుమ్మమే ఈ తీగ. తీగ పోయి గోడ మీది డబ్బాలో దిగుతుంది. డబ్బాలోంచి వీధులు బయలుదేరతాయి. టిక్కీల వీధి ఒకటి, చల్లదనం చూసేవాళ్ళ వీధి ఒకటి, ఆఫీసు వీధి ఒకటి. ఒక వీధి మాట ఇంకో వీధికి వినపడకూడదు.

"మంచి ఊరే. మా వీధిలో అయితే నాలుగు వీధుల మాటలూ వినపడతాయి" అన్నాను.

ఇంకో వింత కూడా చెప్పాడు. ఒక ఇంట్లో ఇరుకైతే, ఆ కాపురం పొయ్యి మీద ఎసరు దించకుండానే పక్కింట్లోకి మారిపోతుందట. అద్దెకున్నవాళ్ళకే తెలియదట ఇల్లు మారినట్టు. నేను నమ్మలేదు. సామాన్లు సర్దకుండా, ఇంటివాడితో పోట్లాడకుండా ఇల్లు మారిన కాపురాన్ని గుంటూరులో నేనింతవరకూ చూడలేదు.

మరి మన రెండుల రాయుడు ఊరుకుంటాడా? ఇంటికి రెండేసి తీగలు వేశాడు. ఒకటి నీలం, ఒకటి పసుపు. గోడకి రెండు డబ్బాలు బిగించాడు. నీలం తీగలు కుడి డబ్బాలోకి, పసుపు తీగలు ఎడమ డబ్బాలోకి. నీలం దారి మూసుకుపోతే అందరూ పసుపు దారిన పోవాలట. అంతటితో ఆగితే ఖాదర్ వలి ఎందుకవుతాడు? కాపురాలన్నిటినీ రెండిళ్ళలో కుక్కి, మూడో ఇంటిని ఖాళీగా అట్టే పెట్టాడు. ఆ ఖాళీ వ్యాను ఈ రూపంలో మళ్ళీ పుట్టిందనుకున్నాను.

ఇక శనివారాల భాగోతం. ప్రతి శనివారం పదకొండింటికి ఒక తీగ పీకి చూడాలి. పీకినా పని ఆగకూడదు. ఆ పీకేది ఎవరయ్యా అంటే నేను! అతను కుర్చీలో కూర్చునేవాడు. నేను మిషను వెనక్కి పోయి, నడుం వంచి, గోళ్ళతో తీగ కొస నొక్కి లాగాలి.

"ఇవాళ ఏది పీకమంటావు?"

"రెండో మిషను నీలం. లైటు ఆరిందా పెద్దమ్మా?"

"ఆరింది."

"పసుపు తీగ లైటు గబగబా కొట్టుకుంటోందా?"

"నీ గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది."

"స్టోరేజీల వాళ్ళెవరైనా ఫోన్ చేసి అరిచారా?"

"లేదు. నాకే అరవాలనుంది, నడుం పట్టేసింది."

"అయితే బాగానే ఉంది. పెట్టేయండి."

ఆ తర్వాత పుస్తకం తీసి తారీకు వేసి, తీగ పీకినవారు ఆదెమ్మ అని రాసి, నాచేత సంతకం పెట్టించేవాడు. పుస్తకాలు కూడా రెండే కాబట్టి రెండు సంతకాలు. నేను వేలిముద్ర మనిషిని కాదు. మూడో తరగతి దాకా చదివాను, గుండ్రంగా రాస్తాను. అయినా వారానికి రెండేసి సార్లు సొంత పేరు రాయించడం ఏమిటి, నేను మర్చిపోతానేమోనని భయమా?

ఆ ఏడాది మాఘమాసంలో నాగేంద్రబాబు అని కొత్త మేనేజరొచ్చాడు. తెల్ల చొక్కా, నల్ల బూట్లు. మాటకి ముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు, తర్వాత ఒకసారి మెడ సవరించుకుంటాడు. వచ్చిన నెలలోనే అందర్నీ కూర్చోబెట్టాడు.

"ఇరవై రెండు మిషన్లు మూడైనాయి. మనుషులు మాత్రం తొమ్మిది మంది అట్లాగే ఉన్నారు. ఏందండీ ఇది?"

టీ కప్పులు అందిస్తున్నదాన్ని, నోరు ఆగలేదు. "మిషన్లు ఒకదాంట్లో ఒకటి దూరినయ్ సార్. మేం దూరలేం."

"దూరక్కర్లేదమ్మా. నువ్వు ఈ నెలాఖరుకి ఆగిపో. ఊడ్చే పని కాంట్రాక్టుకిస్తున్నాం" అన్నాడు. అంతే. కప్పు సాసర్లో పెట్టినంత తేలికగా.

నాకప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. ఆ పని పోతే నేను పత్తి చేలో కూలికన్నా పోవాలి, ఒకరి పంచనన్నా చేరాలి. పత్తి ఏరే నడుం ఎప్పుడో పోయింది. ఒకరి పంచన చేరే మెడ నాకు పుట్టుకతోనే లేదు. ఖాదర్ వలి వంక చూశాను. ఎనిమిది నెలలుగా నాచేత తీగలు పీకించాడే, ఒక్క మాటన్నా అనడా అని.

అన్నాడు. "ప్రతి పనికీ ఇద్దరుండాలి సార్. ఒకరు పోతే?"

"ఆయా పోతే ఏమవుద్దయ్యా? దుమ్ము పడుద్ది" అన్నాడు నాగేంద్రబాబు. అందరూ నవ్వారు. ఖాదర్ వలి తన రెండు పెన్నుల్లో ఒకదాని మూత పెట్టుకున్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. నా ఉద్యోగం ఊడుతుంటే వీడికి ఆ పాత పాటే! ఆ రోజు నుంచీ అతనికి రెండు టీల బదులు ఒకటే పోశాను. అంతకన్నా పెద్ద శిక్ష అతనికి లేదు. ఆ ఒక్క కప్పుని రెండు చేతులతో పట్టుకుని, పక్కన ఖాళీ జాగాని చూసుకుంటూ తాగేవాడు.

నెలాఖరు ఇంకా పదకొండు రోజులుంది. గురువారం. మేనకోడలి నిశ్చితార్థమని ఖాదర్ వలి ఒంగోలు వెళ్ళాడు. మిరప పంట ముమ్మరంగా దిగుతున్న రోజులు. నాగేంద్రబాబు తన గదిలో కొత్త కంప్యూటరు పెట్టించుకున్నాడు. దాని తీగకి చోటు కావాల్సి వచ్చింది. నేను నేల తుడుస్తుండగానే వచ్చి, మూడో మిషను నీలం తీగని కుడి డబ్బాలోంచి పీకి, ఆ కన్నంలో తన తీగ పెట్టుకున్నాడు. నీలం తీగని పక్కనే ఖాళీగా ఉన్న ఇంకో కన్నంలో దోపాడు. దాని ఆకుపచ్చ లైటు వెలిగింది.

"చూశావా ఆదెమ్మా, ఇంతే పని. దీనికి ఆయన శనివారం శనివారం పూజలు చేస్తాడు" అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. మొదటి ఇల్లు ఇరుగ్గా ఉంది, మూడో ఇల్లు ఖాళీగా దండగపడి ఉందని, కూర్చుని నాలుగు మీటలు నొక్కి, టిక్కీల లెక్క చూసే కాపురాన్ని మూడో ఇంట్లోకి మార్చేశాడు. ఎసరు దించకుండానే మారింది. మెడ సవరించుకున్నాడు.

ఐదు నిమిషాల్లో ఫోన్లు మొదలైనాయి. మిషన్ల దగ్గర పనిచేసే నస్రత్ అమ్మాయి ఎత్తింది. ఏటుకూరు రోడ్డు స్టోరేజీ సూపర్‌వైజరు అంకమ్మరావు గొంతు గది అవతలున్న నాక్కూడా వినపడింది.

"ఏమ్మా! ఏ టిక్కీ ఏ గదిలో పెట్టాలో మీ మిషను పలకట్లేదేంది? లారీలు రోడ్డు దాకా ఆగినయ్! కాయ ఎండలో మాడి రంగు పోతంది! రైతులు నన్ను కొట్టేటట్టున్నారు!"

"చూస్తున్నాం సార్."

"చూడటం కాదు తల్లీ, పలికించండి!"

ఒకటి కాదు, పధ్నాలుగు స్టోరేజీలూ అదే మాట. నస్రత్ ఖాదర్ వలికి ఫోన్ చేసింది. అతనికి రెండు ఫోన్లు, రెండు కంపెనీలవి. ఒకటి మోగి మోగి ఆగింది. రెండోది గుల్షన్ ఎత్తింది.

"రెండు ఫోన్లూ ఒకే సంచిలో పెట్టుకున్నారమ్మా. ఆ సంచి ఇంట్లోనే మర్చిపోయారు."

అన్నీ రెండు కొన్న మనిషికి సంచి మాత్రం ఒకటే!

నాగేంద్రబాబు హైదరాబాదుకి ఫోన్ చేశాడు. అవతలివాళ్ళు లైట్లు వెలుగుతున్నాయా అన్నారు. పచ్చగా వెలుగుతున్నాయన్నాడు. అయితే తీగలు బాగానే ఉన్నట్టు, లోపల చూడండన్నారు. లోపల చూశారు. కాపురం బాగానే ఉంది. పొయ్యి వెలుగుతూనే ఉంది. కానీ పిలిస్తే పలకదు. ఆ టిక్కీల మిషన్ని ఆర్పి వెలిగించారు. పలకలేదు. గంట గడిచింది. నాగేంద్రబాబు చొక్కా వీపుకంటుకుంది. అప్పుడు నా చేతిలో చీపురు కనపడింది అతనికి.

"నువ్వేమైనా తగిలించావా? నిజం చెప్పు!"

"తగిలించింది తమరు సార్. నీలం తీగ చోటు మార్చలేదూ?"

"లైటు వెలుగుతోందిగా! తెలియని విషయాల్లో తలదూర్చకు!"

"తీగలో తేడా ఉంటే పసుపు తీగలోంచి పోవాలి కదా సార్, మరి పోవట్లేదు" అంది నస్రత్.

నేను చీపురు గోడకానించాను. ముప్పై నాలుగు శనివారాలు చూశాను నేను. నీలం తీగ లైటు ఆరితేనే పసుపు తీగ లైటు గబగబా కొట్టుకుంటుంది. ఇప్పుడు నీలం లైటు ఆరితేగా! దారి మూసుకుపోతే మనిషి రెండో దారి వెతుక్కుంటాడు. దారి తెరిచే ఉండి, వేరే వీధిలోకి తెరుచుకుంటే? నాగేంద్రబాబు దోపిన కన్నం ఏ ఆఫీసు వీధిదో! ఆ టిక్కీల కాపురం పాపం ఆ వీధిలో నిలబడి పిచ్చిదానిలాగా అంకమ్మరావూ, అంకమ్మరావూ అని పిలుస్తోంది. అతనేమో ఇంకో వీధిలో మొత్తుకుంటున్నాడు.

మిషను వెనక్కి పోయి, నడుం వంచి, నీలం తీగ పీకేశాను.

"ఏయ్! ఏయ్! ఎవరు పీకమన్నారు? వెలిగే లైటు ఆర్పేశావు! సర్వనాశనం!" అని నాగేంద్రబాబు గంతులు వేశాడు.

పసుపు లైటు గబగబా కొట్టుకుంది. నస్రత్ కుర్చీలోంచి లేచింది.

"వచ్చింది! పెద్దమ్మా, వచ్చేసింది! అందరూ పలుకుతున్నారు!"

"పలకరూ మరి" అని చీపురు తీసుకున్నాను. మిగిలిన గదంతా గబగబా ఊడ్చాను.

సాయంత్రం నాలుగింటికి వెంకటరావమ్మ గారి కారొచ్చింది. ఆఫీసు పెద్ద ఆవిడే. సొంతంగా మూడు కోల్డ్ స్టోరేజీలున్నాయి. మిరప చేలో పుట్టి పెరిగింది, మాట కూడా కాస్త ఘాటుగానే ఉంటుంది. జరిగిందంతా నస్రత్ నోటే విని, ఆ గదిలో రికార్డులేవో చూపించమంది. ఖాదర్ వలి పుస్తకం తెచ్చిచ్చారు. ఒక్కొక్క పేజీ తిప్పింది.

"నాగేంద్రబాబూ, ఈ ఆదెమ్మ ఎవరు?"

"ఊడ్చే మనిషండి. ఈ నెలాఖరుకి తీసేస్తున్నామండి."

"ఊడ్చే మనిషి పేరు ముప్పై నాలుగు సార్లుంది. నీ పేరు ఒక్కసారీ లేదేం?"

అతను గొంతు సవరించుకుని, నేరుగా మెడ సవరించుకున్నాడు.

"ఈమెను తీసేస్తే రేపు ఆ తీగ ఎవరు పీకాలి? నువ్వు పీకితే ఏమైందో చూశాంగా! ఈమె ఉంటుంది. జీతం పెంచి రాయి" అంది. నా వంక తిరిగింది. "ఏమ్మా, సంతకం నీదేనా?"

"నాదేనండి. రెండో పుస్తకంలో ఇంకా బాగుంటుంది" అన్నాను.

మర్నాడు నస్రత్‌తో గొప్పగా అన్నాను, నా నడుమే ఆఫీసును నిలబెట్టిందని. ఆ పిల్ల పెదవి కొరుక్కుని చెప్పింది.

"పెద్దమ్మా, ఒక మాట చెప్తే తిట్టకూడదు. శనివారాల పని తీగ పీకకుండానే చేసుకోవచ్చు. కుర్చీలో కూర్చుని ఒక్క మీట నొక్కితే ఆ దారి మూసుకుపోతుంది, ఇంకోటి నొక్కితే తెరుచుకుంటుంది. మీరు వంగక్కర్లేదు."

ఖాదర్ వలి ఒంగోలు నుంచి దిగేసరికి గుమ్మంలోనే నిలబడ్డాను.

"ముప్పై నాలుగు శనివారాలయ్యా! ఊరికే నా నడుం విరగ్గొట్టావు!"

నెత్తి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దించాడు. అప్పటికే అక్కడొకటుంది. "మిషన్లు మూడైన రోజే అనుకున్నా పెద్దమ్మా. తర్వాత లెక్కేసేది మనుషుల్నేనని. ఊడ్చేవాళ్ళ పేరు ఏ కాగితం మీదా ఉండదు. కాగితం మీద లేనివాళ్ళే ముందు పోతారు. అందుకని రాయించా."

"మరి ఆ రోజు మీటింగులో ఆ పాత పాట పాడి నోరు కుట్టేసుకున్నావే?"

"నెలాఖరున పుస్తకం తీసుకుని వెంకటరావమ్మ గారి దగ్గరికే పోదామనుకున్నా. నోటిమాట ఒక్కటే పెద్దమ్మా, కొట్టేస్తే పోద్ది. రాత అయితే రెండు పుస్తకాల్లో ఉంది."

"నాతో చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే మీరు చేసేవారా? నా మీద జాలేందిరా అని తీగ నా మెడకే చుట్టేవారు."

చుట్టేదాన్నే. ఆ మాట అతనితో అనలేదు. లోపలికి పోయి రెండు కప్పుల టీ పోసుకొచ్చాను. రెంటినీ చూసి ఆ మొహం ఎంత వెలిగిందో చెప్పలేను.

ఒక గుక్క తాగి, ఒళ్ళు మరిచి అన్నాడు కదా: "ఒక్కటే వెలితి పెద్దమ్మా. నాకు స్టాండ్‌బై మీరున్నారు. మీకెవరూ లేరు. మీరు పోతే?"

"నాలాంటిది ఇంకొకతె ఈ జిల్లాలో ఉంటే పట్టుకురా, నేర్పిస్తా" అన్నాను.

నిజంగానే వెతికాడు పిచ్చి మారాజు. తర్వాత నేను ఆ ఆఫీసులో ఆరేళ్ళు పనిచేశాను. ఏడాదికొకసారి ఎవరో ఒకామెను వెంటబెట్టుకొచ్చేవాడు. నేను సాయంత్రానికల్లా ఏదో ఒక వంక పెట్టి పంపించేసేదాన్ని. ఈ ఒక్క విషయంలో అతన్ని గెలవనివ్వలేదు. నేనెప్పుడూ ఒక్కదాన్నే.